సాలెగూడు: గూడా? వలా? పచ్చబొట్టు రూపాలూ వాటి అర్థాలూ

హోసూరు ప్రాంతం నుంచి వచ్చి మా దగ్గర చదువుకుంటున్న ఒక విద్యార్థి, సెలవులకు ముందు మోచేతిమీద సాలెగూడు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఇంటికి వెళ్లగానే వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకుని చూసి, “ఏమిరా, ఇంట్లో బూజు పడితే చీపురుతో దులుపుతామే, నువ్వు దుడ్డిచ్చి చేతిమీద పెట్టుకొచ్చినావా?” అన్నదట. ఆమె ముంజేతిమీదా ఒక తేలు బొమ్మ, చుట్టూ చుక్కలు ఉన్నాయి. “మరి నీ తేలుకు అర్థమేంది అవ్వా?” అని మనవడు ఎదురడిగితే ఆమె చాలాసేపు చెప్పింది. “నీ గూటికి అర్థమేంది?” అని ఆమె అడిగినప్పుడు మాత్రం అతని దగ్గర జవాబు లేదు. సెలవులయ్యాక ఆ ప్రశ్నను మా దగ్గరికి తెచ్చాడు.

ఆ ప్రశ్నకు మేము చెప్పిన సమాధానమే ఈ వ్యాసం. పచ్చబొట్టుకు అర్థం గీతల్లో ఉండదు. దాన్ని ఎవరు, ఎక్కడ, ఎవరి మధ్య ధరిస్తున్నారన్నదాన్ని బట్టి ఏర్పడుతుంది. సాలెగూడు ఇందుకు మంచి ఉదాహరణ.

మోచేతి గూడు ఎక్కడిది?

మోచేతిమీద సాలెగూడు మన దేశపు సంప్రదాయ రూపం కాదు. 20వ శతాబ్దంలో అమెరికా, బ్రిటన్ దేశాలలో ఎక్కువగా జైలు జీవితానికి గుర్తుగా ఇది ప్రచారంలోకి వచ్చింది. మోచేతులు బల్లకు ఆనించి కదలకుండా ఏళ్ల తరబడి కూర్చున్నందువల్ల సాలెపురుగు అక్కడ గూడు కట్టిందన్నది దానిలోని భావం. అంటే అది గడిచిన కాలానికి గుర్తు, చిక్కుకున్న బతుకుకు గుర్తు. అమెరికాలో కొన్ని జాత్యహంకార ముఠాలు దీన్ని తమ హింసకు చిహ్నంగానూ వాడుకున్నాయి. తరువాత పంక్ సంగీతాన్ని అభిమానించే యువకులు ధిక్కార సూచకంగా దీన్ని తీసుకున్నారు. వారి నుంచి ఇది సామాన్య అలంకారంగా మారింది. నేడు చాలామంది ఏ అర్థమూ ఉద్దేశించకుండానే దీన్ని పొడిపించుకుంటున్నారు.

రూపం మోచేతికి అమరడానికి ఇంకో కారణం కూడా ఉంది. మోచేతి మొన గూటికి నడిబిందువవుతుంది. అక్కడినుంచి ఆకులు, అంటే నిలువు పోగులు, నలువైపులకూ పోతాయి. వాటిని కలుపుతూ వలయాలు వస్తాయి. చెయ్యి ముడిచినప్పుడు గూడు విచ్చుకున్నట్లుంటుంది. భుజంమీదా మోకాలిమీదా కూడా దీన్ని పొడుస్తారు. మూలకు వేలాడే పావు గూడు, పురుగు లేని ఖాళీ గూడు, మధ్యలో పురుగు కూర్చున్న గూడు, తెగిన గూడు అని రకాలున్నాయి. పురుగు ఉంటే ఓర్పు, పొంచి ఉండటం. గూడు తెగితే బంధం నుంచి విడుదల అని పొడిచేవారు అర్థాలు చెబుతుంటారు. ఇవి శాసనాలు కావు, వాడుకలు మాత్రమే.

మన భాషలు ఏం చూశాయి?

ఇక మన చుట్టూ ఉన్న భాషలు ఈ గూటిని ఎట్లా చూశాయో గమనిద్దాం. తెలుగులో దీన్ని కట్టే పురుగు సాలెపురుగు. సాలె అంటే నేతగాడు. షోలాపురంలో తరతరాలుగా మగ్గాలు నడిపిన పద్మశాలి కుటుంబాల విద్యార్థులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కన్నడంలో సాలెపురుగు జేడ. ఆ మాటకూ నేతగాడనే అర్థం ఉంది. వచనకారుడు జేడర దాసిమయ్య వృత్తి నేతపనే. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నది గనుక అక్కడివారికి ఫ్రెంచి మాట కూడా తెలిసి ఉండవచ్చు. ఆ భాషలో సాలెగూటిని ‘త్వాల్ దారెన్యే’ అంటారు. త్వాల్ అంటే గుడ్డ. ఇంగ్లీషు ‘స్పైడర్’ వడకడమనే అర్థమున్న ధాతువు నుంచి, ‘వెబ్’ నేయడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చాయి.

తమిళంలో మాత్రం అది ‘సిలంది వలై’, కన్నడంలో ‘జేడర బలె’. వలై, బలె రెండూ మన వలే. మరాఠీలో సాలెపురుగు ‘కోళీ’. కోళీలంటే కొంకణ తీరపు జాలరులు కూడా. అది కట్టేది ‘జాళే’, అంటే వల. ఒరియాలో పురుగు ‘బుఢియాణి’, దాని గూడు ‘జాల’. ఈ వరుసలో తెలుగు ఒక్కటే దాన్ని గూడు అన్నది. పొరుగువారు ఈగ వైపు నుంచి చూసి వల అన్నారు. మనం పురుగు వైపు నుంచి చూసి ఇల్లు అన్నాం. ప్రకృతిలో రెండూ నిజమే. తోటల్లో కనిపించే గుండ్రని గూటిలో నిలువు పోగులకు జిగట ఉండదు, చుట్టు పోగులకు ఉంటుంది. పురుగు తిరగడానికి నిలువు పోగులు, ఈగ చిక్కడానికి చుట్టు పోగులు.

గుడి కట్టిన సాలెపురుగు

గూడు అన్న చూపు మన క్షేత్ర కథల్లోనూ ఉంది. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని స్థలపురాణం. ఆ పురుగు తన దారాలతోనే శివలింగానికి గోపురాలూ మండపాలూ కట్టింది. శివుడు పరీక్షించదలచి దీపజ్వాలతో ఆ గుడిని కాల్చాడు. పురుగు ఆ దీపాన్నే మింగబోయి ముక్తి పొందింది. 16వ శతాబ్దిలో ధూర్జటి ఈ కథను కావ్యంలోకి తెచ్చాడు.

తమిళనాట చదివే విద్యార్థులు తిరుచ్చి దగ్గరి తిరువానైక్కావల్ కథను దీని పక్కన పెట్టి చూడాలి. అక్కడ నేరేడు చెట్టు కింద ఉన్న లింగంమీద ఆకులు రాలకుండా సాలెపురుగు పందిరి అల్లింది. పూజకు వచ్చిన ఏనుగు దాన్ని అపరిశుభ్రమనుకుని తెంచేసింది. ఆ పురుగు మరుజన్మలో కోచ్చెంగట్ చోళుడై పుట్టి, ఏనుగు ఎక్కలేని ఎత్తు మీద గుళ్లు కట్టించాడని చెబుతారు. 12వ శతాబ్దపు పెరియ పురాణం ఈ రాజును అరవై ముగ్గురు నాయనార్లలో ఒకడిగా కీర్తించింది. పురుగుకు పందిరిగా తోచింది ఏనుగుకు బూజుగా తోచింది. హోసూరు అవ్వ అన్న మాటలో ఉన్నదీ ఈ తగవే.

పచ్చబొట్టు: మాట, పని

కాబట్టి అవ్వ చేతి తేలు దగ్గరికి వద్దాం. తెలుగులో పచ్చబొట్టు పొడవడం, తమిళంలో పచ్చై కుత్తుదల్, కన్నడంలో హచ్చె. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అయినట్లే పచ్చ హచ్చె అయింది. మరాఠీలో దీన్ని గోందణ్ అంటారు. దీపపు మసిని నూరి సూదులతో గుచ్చేవారు, పైన పసుపు అద్దేవారు. మసి నల్లనిదే. చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంటుంది గనుక, కింది పొరలో చేరిన మసి మాత్రమే నిలుస్తుంది. పైపొర గుండా చూసినప్పుడు అది పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పేరులోని పచ్చదనం అక్కడిది. ఎరుకల స్త్రీలు సోదె చెబుతూ ఊరూరా తిరిగి ఈ పని చేసేవారు. న్యూయార్క్‌లో 1891లో శామ్యూల్ ఒరైలీ విద్యుత్ యంత్రానికి పేటెంటు పొందిన తరువాత ఈ పని స్వరూపమే మారింది.

చుక్కలు, తేలు, చేప, చిలుక, తులసికోట, భర్త పేరు, దేవుడి పేరు మన పెద్దల చేతులమీద కనిపించే రూపాలు. సొమ్ములన్నీ ఇక్కడే వదిలిపోవాలి, ఇది ఒక్కటే వెంట వస్తుందని చాలామంది నమ్మకం. ఆ అవ్వ తన మనవడికి చెప్పినదేమంటే, తేలు పొడిపిస్తే తేళ్లు కుట్టవని వాళ్లమ్మ నమ్మిందట. కళ్లంలో పనిచేసే ఆడపిల్లకు అమ్మ ఇచ్చిన రక్ష అది. ఆ పిల్ల ఏడుస్తుంటే పొడిచే ఆమె పాట పాడిందట. ఆ పాట అవ్వకు సగమే గుర్తుంది.

విద్యార్థులకు రెండు మాటలు

పొడిపించుకోదలచినవారు తొందరపడవద్దు. కొత్త సూది, కొత్త రంగు వాడకపోతే కామెర్లకు కారణమయ్యే వైరస్‌లూ హెచ్‌ఐవీ సోకే ప్రమాదముంది. పొడిపించుకున్నాక 12 నెలలు రక్తదానం చేయరాదని మన దేశపు 2017 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ చేరదలచినవారు పచ్చబొట్టు శరీరంలో ఎక్కడ ఉండవచ్చునో ఉద్యోగ ప్రకటనలో ముందే చదువుకోవాలి. ఆ తరువాత, ఈ బొమ్మ ఎవరికి ఏమని చెబుతుందో ఆలోచించుకోవాలి. చెరిపివేయడం పొడిపించుకోవడమంత సులువు కాదు.

రెండో మాట మా స్వార్థం కోసం. సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంటి పెద్దల చేతులు చూడండి. ఆ రూపాన్ని కాగితంమీద గీయండి. దాన్ని వారు ఏ పేరుతో పిలుస్తారో, ఎవరు పొడిచారో, ఏ ఊళ్లోనో, పాటేమైనా పాడారో, కూలిగా ఏమిచ్చారో అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. పొరుగు భాష మాట కలిసి ఉంటే దిద్దవద్దు, అట్లాగే ఉంచండి. ఆ రూపాలకు వేరే ప్రతి లేదు. ఆ చేతులతోపాటే అవీ పోతాయి.

మా విద్యార్థి తన గూటిని చెరిపించుకోలేదు. “ఇది బూజు కాదు అవ్వా, కాళహస్తి సాలెపురుగు కట్టిన గుడి” అని ఉత్తరం రాశాడు. అవ్వ ఒప్పుకున్నదో లేదో తెలియదు. మరుసటి సెలవులకు అతను తీసుకువెళ్లిన నోటుపుస్తకంలో మొదటి పుటలో మాత్రం ఆమె తేలు ఉన్నది.