కేరళ వానతో ఆదోని ధర తేలదు

ఆదోని: జూన్ తొలివారంలో నైరుతి ఋతుపవనాలు కేరళను తాకాయన్న వార్త రాగానే పత్తి, వేరుశనగ బేరాలలో అమ్మకందార్లు ముందుకు రావడం, ధర మెత్తబడడం పరిపాటి. ఆదోని, ఎమ్మిగనూరు సరుకు మటుకు ఈ తొందరకు ఆధారం తక్కువ.

ఆదోని, గోవాలోని పణజి దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నాయి. మధ్య దూరం సుమారు 370 కిలోమీటర్లు. పణజిలో ఏటా 3,000 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుండగా, ఆదోనికి అందులో నాలుగో వంతు కూడా దక్కదు. ఎండ ఒకటే, తేడా అంతా గాలిది.

భూమధ్యరేఖ వద్ద వేడెక్కిన గాలి పైకి లేచి వానలు కురిపించి, ఉత్తర దక్షిణాలుగా 30 డిగ్రీల ప్రాంతంలో ఎండుగాలిగా దిగుతుంది. సహారా, అరేబియా ఎడారులు ఆ దిగుడు పట్టీలోనివే. ఎండాకాలం ముదిరాక వానపట్టీ ఉత్తరానికి జరిగి గంగా మైదానం చేరుతుంది. దక్షిణార్ధగోళపు గాలులు దాని వెంట భూమధ్యరేఖ దాటి, భూభ్రమణం వల్ల కుడికి తిరిగి నైరుతి గాలులవుతాయి. పడమటి కనుమలు ఎక్కేటప్పుడే సరుకు చాలావరకు దించుకొని, ఖాళీ బండ్ల వలె ఈవలికి దిగుతాయి. జూన్, జూలైలలో ఆదోనిలో గాలికి కొదవ లేదు, వానకే కొదవ.

సెప్టెంబరులో ఆ పట్టీ వెనుకకు మళ్ళే వేళ బంగాళాఖాతపు వాయుగుండాలు ఇటు దారి పడతాయి. సీమకు పెద్ద వాన అప్పటిదే. మెట్ట పత్తికి పూత, కాయ నిలిచేదీ, వేరుశనగకు గింజ పట్టేదీ ఆ అదనులోనే. అదే వాన అక్టోబరులో విచ్చిన కాయ మీద పడితే మాత్రం రంగు చెడి, తేమ కోత తప్పదు. తరువాతి ఈశాన్య ఋతుపవనాలు కోస్తాలో బలం చూపి, ఇంత పడమరకు వచ్చేసరికి నీరసిస్తాయి.

ఇక ఎల్ నినో సంగతి. పసిఫిక్ సముద్రపు నడిమి, తూర్పు జలాలు వేడెక్కితే గాలి లేచే చోటు అటు జరిగి, మనవైపు వాన మందగిస్తుంది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద 36 శాతం లోటు. 1901 తరువాత అంత పొడి ఆగస్టు లేదు. అయితే ఎల్ నినో పేరు వినగానే సరుకు పట్టి కూర్చున్నవారికీ భరోసా లేదు. 2009 కూడా అట్టి సంవత్సరమే. నైరుతి వాన దేశంలో 22 శాతం తగ్గింది. ఆ సెప్టెంబరు చివర అల్పపీడనం తెచ్చిన కుంభవృష్టికి తుంగభద్ర, హంద్రీ పొంగి అక్టోబరు 2న కర్నూలు పట్టణమే మునిగింది.

కాలువ భూముల లెక్క వేరు. తుంగ, భద్ర రెండూ కనుమలలో పుట్టినవే గనుక, ఆదోనికి దక్కని జూలై వానలో కొంత తుంగభద్ర దిగువ కాలువ ద్వారా దొడ్డిదారిన వచ్చి చేరుతుంది. కనుక కాలువ పంటకు హోస్పేట జలాశయం మట్టాన్ని, మెట్ట పంటకు బంగాళాఖాతాన్ని చూచి రాబడులు అంచనా కట్టుకోవలసి ఉంటుంది. కర్నూలు పడమటి తాలూకాలలో మెట్టే ఎక్కువ.