దూరపు పరుగు - స్త్రీల ఊపిరి

1928వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొదటిసారిగా 800 మీటర్ల పరుగుపందెము పెట్టిరి. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. తుదిపందెమున పాల్గొన్న తొమ్మండుగురును గమ్యము చేరిరి. అయినను, పందెము ముగిసినపిమ్మట కొందరు ఆయాసముతో నేల కొరుగుట చూచి పత్రికలు గగ్గోలుపెట్టినవి. దూరపు పరుగు స్త్రీ దేహమునకు తగదని తీర్మానించి ఆ పందెమును తొలగించిరి. 1960లో రోమ్ క్రీడలు జరుగువరకు అది మరల రాలేదు. పురుషుడు వగర్చినచో శ్రమ యనిరి. స్త్రీ వగర్చినచో అశక్తత యనిరి. ఈ తీర్పులో నిజమెంతయో ఊపిరితిత్తులనే అడిగి చూతము.

ఊరక కూర్చున్నప్పుడు మనము నిమిషమునకు ఆరేడు లీటర్ల గాలి పీల్తుము. తీవ్రముగా పరుగెత్తునప్పుడు అది నూరు లీటర్లకు మించవచ్చును. ఒకే ఎత్తుగల స్త్రీ పురుషులను పోల్చి చూచినను, సగటున స్త్రీల ఊపిరితిత్తులు చిన్నవి. అంతకన్న ముఖ్యమైన భేద మొకటి కలదు. ఊపిరితిత్తుల పరిమాణము సమానముగా నున్నప్పుడు సైతము స్త్రీల పెద్ద శ్వాసనాళములు సగటున సన్ననివి.

కమ్మరి కొలిమితిత్తిని తలచుకొన్నచో దీని ఫలితము తెలియును. తిత్తికి సన్నని గొట్టము తగిలించి మెల్లగా ఊదినచో కష్టము తోచదు. వడిగా ఊదవలసివచ్చినప్పుడే చేయి నొచ్చును. గొట్టపు వ్యాసము పదవవంతు తగ్గినచో, నిదానముగా సాగు గాలికి సైతము అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లగును. గాలి సుడులు తిరుగుచు వేగముగా పోవునప్పుడు అడ్డు ఇంకను హెచ్చును. అందుచేత నడకలోను ఇంటిపనిలోను ఈ భేదము బయటపడదు. పరుగు పతాకస్థాయి నందుకొన్నప్పుడే బయటపడును.

అట్టి సమయమున స్త్రీలు చిన్న ఊపిరులను త్వరత్వరగా తీయుదురు. శ్వాసకండరములు హెచ్చుగా పనిచేయవలసివచ్చును. 2015లో వెలువడిన యొక పరిశోధనలో, వ్యాయామము పరాకాష్ఠ నందుకొన్నప్పుడు, దేహము వినియోగించు ప్రాణవాయువులో కేవలము ఊపిరి తీయుటకే పురుషులలో నూటికి సుమారు 9 వంతులును, స్త్రీలలో సుమారు 14 వంతులును ఖర్చగుచున్నట్లు తేలెను.

అయినచో పాత తీర్పే సరియైనదా? కాదు. రొమ్మునకును పొట్టకును నడుమనున్న ఉదరవితానమను కండరపు తెరయే శ్వాసకు ప్రధానాధారము. తీవ్రమైన వ్యాయామమున ఈ తెర స్త్రీలలో పురుషులలో కంటె తక్కువగా అలయునని పరీక్షలు తెలుపుచున్నవి. భారము హెచ్చినను ఓర్పును హెచ్చియే యున్నదన్నమాట. అంతేగాక, ఆరోగ్యవంతులలో పెక్కుమందికి పరుగునకు హద్దు పెట్టునది ఊపిరితిత్తి కాదు. ప్రాణవాయువును మోయు రక్తమును, దానిని తోడిపోయు గుండెయు. అభ్యాసముచే పెద్దవారి ఊపిరితిత్తులు అంతగా పెరుగవు గాని, గుండెయు కండరములును బలపడును.

1984లో లాస్ ఏంజెలస్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొదటిసారిగా మారథాన్ పందెము జరిగెను. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ 42 కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమును 2 గంటల 24 నిమిషముల 52 సెకండ్లలో ముగించెను. 800 మీటర్లు తగవన్నవారికి ఇంతకన్న సమాధానమేమి కావలెను?

కావున మన యింటి ఆడపిల్ల పరుగెత్తి వగర్చినంతమాత్రమున “నీకెందుకీ పరుగులు?” అని వెనుకకు లాగరాదు. మాటాడగలిగినంత వేగముతో మొదలుపెట్టి క్రమముగా పెంచనిండు. అయితే నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము వచ్చినను, ఊపిరిలో పిల్లికూతలు వినవచ్చినను, ముఖము పాలిపోయినను ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను. రక్తహీనతయో, ఉబ్బసమో కారణము కావచ్చును. వానికి చికిత్స కలదు. ఆడుపుట్టుక మాత్రము రోగము కాదు.