ద్వీపాంతర ఖైదీ: దస్తావేజు చెప్పేదీ, దాచేదీ

చారిత్రక నవల రాయబూనిన వాళ్ళకు ద్వీపాంతర ఖైదీ ఆకర్షణీయమైన పాత్ర. కాని అతని జీవితాన్ని వెతకడానికి మనకు దొరికే ఆధారం ముఖ్యంగా అతన్ని శిక్షించిన ప్రభుత్వం రాసిపెట్టుకున్న కాగితమే. ఈ సంగతి గుర్తించని రచయిత తనకు తెలియకుండానే పాలకుల మాటను తిరిగి చెబుతాడు.

1788 నుంచి 1868 వరకు బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు పంపింది. వారిలో ఎక్కువమంది చిల్లర దొంగతనాలకు శిక్షపడ్డ పేదలు. కోర్టు తీర్పు, ఓడ జాబితా, ఎత్తు, కంటిరంగు, ఒంటిమీది మచ్చలు, విడుదల పత్రం - వీటిని వరసగా పేర్చుకుని అక్కడి వారసులు ముత్తాతల జీవితాలను పోల్చుకోగలుగుతున్నారు. మన ఖైదీల విషయంలో మనం మొదటి అడుగులోనే తడబడుతున్నాం.

మన సీమ ఉదాహరణే చూద్దాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన అనుచరుల్లో కొందరిని అండమాన్‌కు పంపారని తరచు రాస్తుంటారు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలయింది 1858 మార్చిలో, అంటే ఆ ఉరి జరిగిన పదకొండేళ్ళకు. అంతకుముందు మద్రాసు రాజధాని నుంచి ద్వీపాంతరం పోయేవాళ్ళు పినాంగ్, మలక్కా, సింగపూర్, తెనాసరిం వైపు వెళ్ళేవారు. వెతికేవాళ్ళు ఆ దిక్కునే చూడాలి. జిల్లాల సరిహద్దులూ తెలిసుండాలి. 1858కి ముందు కోయిలకుంట్ల కడప జిల్లాలోది. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం. పాత కాగితాల్లో ‘చిత్తూరు జిల్లా’ అని వెతికితే మన ఊళ్ళ ఖైదీలు దొరకరు.

అండమాన్ కథ నిజంగా వర్తించేది 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల దోపిడీ, పోడుమీద అటవీ చట్టాల ఆంక్షలు ఆ తిరుగుబాటుకు నేపథ్యం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజుకు కుడిభుజంగా నిలిచిన గాం సోదరుల్లో మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడి అండమాన్ చేరాడు. గంటందొర 1924లో పోరాటంలోనే మరణించాడు. సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు.

మన కథలు చాలావరకు ఆ మే 7తోనే ముగుస్తాయి. మల్లుదొర బతికే ఉన్నాడు. స్వదేశం తిరిగొచ్చాడు. తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా గెలిచి 1952లో లోక్‌సభలో కూర్చున్నాడు. రాజద్రోహిగా ముద్రపడ్డ గిరిజనుడు శాసనకర్త అయ్యాడు. ఇంతకన్నా గొప్ప ఇతివృత్తం ఏ రచయితకు కావాలి?

చిక్కంతా నడిమి ఏళ్ళతోనే. సెల్యులర్ జైల్లో కొబ్బరిపీచు దంచించిన తీరు, గానుగ తిప్పించిన తీరు మనకు తెలుసు. అవి ముఖ్యంగా చదువుకున్న రాజకీయ ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల వల్ల తెలిసినవి. మన్యం మనిషి గొంతు వాటిలో వినబడడం అరుదు. సర్కారు కాగితం అతని పోరాటాన్ని ‘ఫితూరీ’ అంటుంది. అతని తేదీ, స్థలం, శిక్ష చెబుతుంది. అతను అడవిని తలుచుకున్న రాత్రిని చెప్పదు.

కనుక రచయిత రెండు పనులు వేరుగా చేయాలి. తేదీలకూ స్థలాలకూ కాగితాన్ని నమ్మాలి. అందులోని విశేషణాలను నమ్మకూడదు. మిగిలిన ఖాళీని కల్పనతో నింపే హక్కు అతనికుంది. అయితే ఏది దొరికిన వాస్తవమో, ఏది తన కల్పనో పాఠకుడికి తెలియనివ్వాలి. 1847లో మనిషిని అండమాన్ ఓడ ఎక్కించడం కల్పన కాదు, పొరపాటు. అసలు ఆ మనిషి ఏ రేవులో దిగాడో, ఏ రోడ్డు వేశాడో, ఎక్కడ మట్టిలో కలిశాడో వెతకాలన్న ఆలోచన కూడా మనకు రాకుండా చేసేది ఆ పొరపాటే.