తేనెపట్టులో పారిశుద్ధ్యం

పరిశుభ్రత మానవుడొక్కడే నేర్చిన విద్య అని మనం భావిస్తాము. కాని ఒకే గూటిలో వేల సంఖ్యలో జీవించే తేనెటీగలకు అది ప్రాణావసరం. ఒక్క పిల్లపురుగుకు సోకిన వ్యాధి పట్టునంతటినీ నాశనం చేయగలదు.

తేనెటీగ పిల్ల మైనపు మూత వేసిన గదిలో ప్యూపాగా మారుతుంది. లోపలి పిల్ల వ్యాధిగ్రస్తమైతే కొన్ని కూలిఈగలు వాసనచేత గుర్తించి, మూతను కొరికి తెరచి, దానిని వెలుపల పారవేస్తవి. వ్యాధి ఇతర పిల్లలకు అంటుకొనకముందే ఈ పని జరగాలి. దీనినే పారిశుద్ధ్య ప్రవర్తన అంటారు. మూత తెరచుట, పిల్లను తొలగించుట అనునవి వేర్వేరు జన్యువులకు లోబడిన గుణాలని 1964లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు రోథెన్‌బ్యూలర్ ప్రతిపాదించాడు. ఇందులో పెక్కు జన్యువుల పాత్ర ఉన్నదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

మన పుట్టతేనెటీగకు, ఐరోపా తేనెటీగకు భేదం ఇక్కడనే కలదు. ఐరోపా జాతి 1962లో కాంగ్రా లోయలోని నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకొన్నది. తేనె దిగుబడిలో అది మిన్న. కాని వరోవా అనే నల్లి దానికి ప్రాణాంతకం. ఆ నల్లి అనాదిగా పుట్టతేనెటీగను ఆశ్రయించినదే. ఐరోపా ఈగలను ఆసియాకు కొనివచ్చిన పిమ్మట వాటికి సోకినది.

పుట్టతేనెటీగలలో నల్లి సాధారణంగా పోతుఈగల గదులలోనే వృద్ధి పొందుతుంది. కూలిపిల్ల గదిలో చేరిన నల్లిని ఈగలు పిల్లతోసహా తొలగిస్తవి. పోతుపిల్ల క్షీణించి గట్టిమూతను తెరవలేకపోతే, ఆ గదిని మూసియే ఉంచుతవి. నల్లులు అందులోనే సమాధి అవుతవి. ఐరోపా ఈగలలో నల్లి కూలిపిల్లల గదులలో కూడ వృద్ధి చెందుతుంది. అందువలన చికిత్స లేని పట్టు తరచుగా రెండు మూడేళ్ళలో నశిస్తుంది.

అంతమాత్రాన దేశవాళి ఈగ సర్వరోగాలకు అతీతమని తలచరాదు. 1990 దశకం తొలినాళ్ళలో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణ భారతంలో వ్యాపించి, పుట్టతేనెటీగల పట్టులను విస్తారంగా తుడిచిపెట్టింది. ఎందరో పెంపకందారులు జీవనోపాధిని కోల్పోయారు.

కనుక ఎక్కువ తేనె ఇచ్చే పట్టునే గాక, శుభ్రమైన పట్టును కూడ ఎన్నుకొనాలి. ఇందుకు సులభమైన పరీక్ష ఉన్నది. పిల్లలున్న తుట్టె ముక్కను గడ్డకట్టించి, తిరిగి పట్టులో ఉంచి, ఎన్ని గంటలలో చచ్చిన పిల్లలను తొలగించినవో లెక్కిస్తారు. 24 గంటలలో దాదాపు అన్నింటిని తొలగించిన పట్టునుండి రాణులను పెంచుతారు. మందులమీదనే ఆధారపడితే వాటి అవశేషాలు తేనెలో చేరే ప్రమాదముంది. బలహీన వంశమూ కొనసాగుతుంది.

విద్యార్థులారా! ఒక్క పిల్లను వదలుకొని వేయి పిల్లలను కాపాడుకొనుటయే ఈ అల్పప్రాణి పాటించే ఆరోగ్య సూత్రం. వ్యాధి వచ్చిన తరువాత మందు వెదకుటకన్న, వ్యాధిని ఆదిలోనే గుర్తించుట మేలని అది మనకు తెలుపుతున్నది.