మాత్ర కన్నా ముందు... మాట!

రక్తహీనతకు మందు లేదా? ఉంది. ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చిస్తుంది, పైసా ఖర్చు లేదు. అయినా కర్నూలు, కడప పల్లెల్లో ఆ ఎర్రమాత్రలు కొన్నిసార్లు గూట్లోనే ఉండిపోతాయి. ఎందుకని?

భయం! 'అవి మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది' అని ఒకరు, 'బిడ్డ నల్లగా పుడుతుంది' అని మరొకరు. 'కడుపు నిండా తింటే లోపల బిడ్డకు చోటుండదు' అంటూ తిండి తగ్గించేవాళ్లూ ఉన్నారు. మాత్ర వేసుకున్నాక వికారం పుట్టినా, విరేచనం నల్లగా అయినా ఆ భయం రెట్టింపవుతుంది.

నిజమేమిటి?

బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. ఒంటికి పట్టని ఇనుము వల్లే విరేచనం నల్లబడుతుంది, హాని లేదు. రాత్రి భోంచేశాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. వెంటనే టీ తాగకూడదు. నిమ్మ, ఉసిరి మేలు చేస్తాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. జొన్నరొట్టె, రాగిసంగటికి పప్పు, ఆకుకూర, గుడ్డు తోడు కావాలి.

హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులది ఇదే పరిస్థితి. బిడ్డ బరువు తక్కువగా పుట్టొచ్చు. కాన్పులో రక్తం కాస్త ఎక్కువ పోయినా తల్లి ప్రాణానికే ముప్పు!

ఆమె ఒక్కతే కాదు...

ఏం తినాలో, ఆస్పత్రికి ఎప్పుడెళ్లాలో చాలా ఇళ్లలో గర్భిణి ఒక్కతే నిర్ణయించదు. అత్త మాట, భర్త వీలు, చేతిలో డబ్బు... అన్నీ కలిసి రావాలి. అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకు దక్కే ఇళ్లూ ఉన్నాయి. ఆమెకొక్కదానికే చెప్పి వచ్చేస్తే సలహా గడప దగ్గరే ఆగిపోతుంది.

కరవు మరో అడ్డంకి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు మొహం చాటేస్తే కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వలస పోతాయి. గర్భిణులూ బండెక్కుతారు. రోజు కూలి పోతుందన్న బెంగ ముందు నెలనెలా పరీక్ష వెనకబడుతుంది. బయల్దేరే ముందు మూటలో తల్లీబిడ్డల కార్డు, సరిపడా మాత్రలు పెట్టుకుంటే అక్కడి ఆరోగ్య కేంద్రంలోనూ పరీక్షలు చేయించుకోవచ్చు.

కోడలికి మాత్ర ఇచ్చేటప్పుడు అత్తనూ, భర్తనూ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల అనుమానాలు తీర్చాలి. అన్నం పెట్టే చెయ్యే మాత్ర కూడా అందిస్తే... భయం దానంతటదే పోతుంది.