గిగాబిట్ లైన్ కొసన ఏ రూటర్ పెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా నౌపడ పేరు చెబితే చాలామందికి ఉప్పు మడులు గుర్తొస్తాయి. రైల్లో తిరిగేవాళ్లకు గుణుపూర్ లైను చీలే జంక్షన్ గుర్తొస్తుంది. ఇంటర్నెట్ వ్యాపారంలోకి దిగాలనుకునేవాళ్లకు ఆ పట్టాలే ఆస్తి. హౌరా–చెన్నై మార్గం పొడవునా పట్టాల పక్కన ఆప్టికల్ ఫైబర్ ఉంది. 2000లో పుట్టిన రైల్‌టెల్ వ్యాపారానికి పునాది రైల్వేల ఫైబరే. మరోవైపు ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాక్కుంటూ పల్లెల్లోకి వచ్చింది. కాబట్టి నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలో కేబుల్ టీవీ నడుపుతున్న ఒక ఆపరేటరు నెట్ కూడా తానే ఇద్దామనుకుంటే, లైను ఎక్కడి నుంచి తేవాలన్న దిగులు ఇరవై ఏళ్ల కిందటంత లేదు. దిగులల్లా ఆ లైను కొసన పెట్టే డబ్బా గురించే. అంగడిలో పదిహేను వేల నుంచి పదిహేను లక్షల దాకా రూటర్లున్నాయి. ఏది కొనాలి?

ఊహకు ఒక లెక్క పెట్టుకుందాం: 400 ఇళ్లు, 1 గిగాబిట్ లీజ్డ్ లైన్. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చెప్పిన వేగాన్ని పక్కిళ్లతో పంచుకోవాలి. లీజ్డ్ లైన్ అలా కాదు, రాత్రి తొమ్మిదింటికైనా మొత్తం గిగాబిట్ మనదే, రావడానికీ పోవడానికీ ఒకే వేగం. అందుకే అంత ధర. పై కంపెనీ ఫైబర్ తెచ్చి మన గదిలో దించుతుంది, కొన్ని ఐపీ అడ్రసులు ఇస్తుంది, దాని పని అక్కడితో అయిపోయింది. మనం ఇంటింటికీ 50 మెగాబిట్ల ప్లాను అమ్మినా అందరూ ఒకే క్షణంలో అంతా లాగరు. రాత్రి రద్దీ వేళ ఇంటికి సగటున 2 మెగాబిట్లు వేసుకుంటే 400 ఇళ్లకు 800 మెగాబిట్లు. లైను సరిపోయింది. మరి గిగాబిట్ రూటర్ చాలుగా అనిపిస్తుంది. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

రూటర్‌కు మెగాబిట్ల బరువు తెలియదు, ప్యాకెట్ల సంఖ్యే తెలుస్తుంది. కాటా దగ్గర కూర్చున్న గుమస్తాకు ఉప్పు బస్తా చిన్నదైనా పెద్దదైనా ఒక్కో చీటీ రాయక తప్పదు; లారీ నిండా చిన్న సంచులు వస్తే టన్నులు అవే, చేయి మాత్రం పడిపోతుంది. గిగాబిట్ లైనులో అన్నీ నిండు ప్యాకెట్లే వస్తే సెకనుకు దాదాపు 81 వేలు. అన్నీ 64 బైట్ల చిన్నవే వస్తే 14.88 లక్షలు. లైను ఒకటే, పని పద్దెనిమిది రెట్లు. సినిమా చూసే ఇంటికి పెద్ద ప్యాకెట్లు వస్తాయి. ఆన్‌లైన్ ఆటలు, ఫోన్ కాల్స్, దాడి చేసే వైరస్‌లు చిన్నవాటిని కురిపిస్తాయి. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే గిగాబిట్ల అంకె నిండు ప్యాకెట్లతో, ఏ పనీ చెప్పకుండా పరుగెత్తించి తీసినది.

అందుకని కొనేముందు తయారీదారు పరీక్షా ఫలితాల పట్టిక తెప్పించుకోవాలి. మైక్రోటిక్ లాంటి కంపెనీలు తమ సైట్‌లోనే పెడతాయి. అందులో నిండు ప్యాకెట్లది, అంటే 1518 బైట్ల గడి వదిలేసి 512, 64 బైట్ల గడులు చూడాలి. ఆ తర్వాత అడ్డ వరుసలు. ఒక వరుస ఏ నియమమూ లేకుండా. ఇంకొకటి 25 ఫిల్టర్ నియమాలతో. మరొకటి 25 క్యూలతో. పై వరుస నుంచి కింది వరుసకు వచ్చేసరికి అంకె సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. మన గదిలో నడవబోయేది ఆ కింది వరుసే. ఎందుకంటే చిన్న ఆపరేటరు రూటర్ దారి చూపడంతో ఊరుకోదు. ఒక్కో ఇంటిని పేరూ పాస్‌వర్డూ అడిగి లోపలికి రానివ్వాలి, ప్లాను ప్రకారం వేగం కట్టడి చేయాలి, ఉన్న కొద్ది ఐపీ అడ్రసులను అందరికీ సర్దాలి, ఎవరికి ఏది ఇచ్చిందో రాసిపెట్టాలి.

వీటిలో అందరూ తక్కువ అంచనా వేసేది అడ్రసుల సర్దుబాటు. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 అడ్రసుల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. 400 ఇళ్లకు 400 అడ్రసులు కొనడం చిన్నవాడికి అయ్యే పని కాదు. అందుకే ఇళ్లకు లోపలి అడ్రసులు ఇచ్చి (దీనికోసమే 2012లో 100.64తో మొదలయ్యే ఒక గుంపును కేటాయించారు) బయటికి పోయేటప్పుడు కొద్ది పబ్లిక్ అడ్రసుల మీద అందరినీ పంపుతాం. ఒక అడ్రసుకు వాడదగ్గ పోర్టులు ఇంచుమించు 64 వేలు. ఇంటికి 2,000 చొప్పున ఇస్తే ఒక అడ్రసు మీద 32 ఇళ్లు. 400 ఇళ్లకు 13 అడ్రసులు. ఇంతవరకు కాగితం మీద సుఖంగానే ఉంది. కాని ఒక్కో ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ ఉంటే ఏ క్షణంలోనైనా మూడొందల కనెక్షన్లు తెరిచి ఉండటం వింతేమీ కాదు. అంటే 1,20,000 కనెక్షన్ల చిట్టా రూటర్ తన మెమరీలో పెట్టుకుని, వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ దాంతో పోల్చాలి. చవక డబ్బా చతికిలపడేది ఈ పనిలోనే.

దానికి తోడు రికార్డులు. ఎవరు ఎప్పుడు ఏ అడ్రసు, ఏ పోర్టు వాడారో చెప్పగలగాలి. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు సవరించి ఈ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలంది. ఇల్లు రోజుకు 20 వేల కనెక్షన్లు తెరిస్తే 400 ఇళ్లకు 80 లక్షల వరుసలు. వరుస 150 బైట్లనుకుంటే రోజుకు 1.2 జీబీ, రెండేళ్లకు 900 జీబీ దరిదాపు. ఇది రూటర్‌లో పట్టేది కాదు, పక్కన వేరే సర్వర్ ఉండాలి. ఇంటికి పోర్టులను గంపగుత్తగా కేటాయించే పద్ధతి రూటర్‌లో ఉంటే వరుసలు బాగా తగ్గుతాయి. అయితే మీ లైసెన్సు ఏయే వివరాలు అడుగుతోందో ముందు చూసుకున్నాకే ఆ పద్ధతికి వెళ్లాలి.

ఈ భారం నిజంగా దించే మందు, అడ్రసులకు కొరతలేని ఐపీవీ6. యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటివి దాని మీదే వస్తాయి కాబట్టి రాత్రి వీడియోల రద్దీలో పెద్ద భాగం సర్దుబాటు పనే లేకుండా నేరుగా వెళ్లిపోతుంది. చిన్న ఆపరేటర్లు చాలామంది దీన్ని తర్వాత చూద్దామని వదిలేస్తున్నారు. నా మటుకు నాకు అది డబ్బు వృథా చేసుకోవడమే. కొనే రూటర్ ఇళ్లకు ఐపీవీ6 పంచగలదా అని మొదటి రోజే అడగండి.

ప్రాసెసర్ సంగతి. లోపల ఎన్ని కోర్లున్నాయో అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. 36 కోర్ల పాత మోడళ్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. కాని ఒకే ప్రవాహానికి చెందిన ప్యాకెట్లను సాధారణంగా ఒకే కోరు చూస్తుంది. కోర్లు నలభై ఉన్నా ఒక్కోటీ నెమ్మదిదైతే పని అక్కడ ఇరుక్కుంటుంది. రాత్రి తొమ్మిదింటికి తెర మీద మొత్తం వాడకం 20 శాతమే కనిపిస్తుంది, ఊరంతా నెట్ స్లో అని ఫోన్లు వస్తుంటాయి. అప్పుడు కోర్ల వారీగా విడదీసి చూస్తే ఒకటి 100 దగ్గర నిలబడి ఉంటుంది. తక్కువ కోర్లు, ఎక్కువ వేగం ఉన్న కొత్త మోడల్ ఇలాంటి చోట మేలు.

సిస్కో, జునిపర్ కంపెనీల పెద్ద రూటర్లలో ప్యాకెట్ల పనికి ప్రత్యేకమైన చిప్ ఉంటుంది. చిన్న ప్యాకెట్లు వచ్చినా జంకవు. మన 400 ఇళ్లకు కొత్తది కొనడం బరువే. నగరాల్లో పెద్ద కంపెనీలు మార్చేసిన పాతవి చవగ్గా దొరుకుతాయి కదా అంటారు. నేను వద్దంటాను. కరెంటు బాగా తింటాయి, చాలావాటికి సాఫ్ట్‌వేర్ సవరణలు ఆగిపోయి ఉంటాయి. పైగా 2021 జూన్ 15 నుంచి టెలికాం లైసెన్సుదారులు, ప్రభుత్వం నమ్మకమైన వనరులుగా గుర్తించినవారి పరికరాలే నెట్‌వర్క్‌లో కలపాలన్న నిబంధన ఉంది. బిల్లు లేని పాత డబ్బాతో రేపు ఏం చూపిస్తాం?

ప్రపంచంలోని రూట్లన్నీ మన రూటర్ మోయాలా అన్నది ఇంకో ప్రశ్న. పైన ఒకే కంపెనీ లైను ఉంటే అక్కర్లేదు. బయటికి పోయేదంతా అటే పొమ్మనే ఒక్క డిఫాల్ట్ రూటు చాలు. ఇద్దరి దగ్గర లైన్లు తీసుకుని, దేశంలో ఐపీ అడ్రసులు పంచే ఐఆర్‌ఐఎన్‌ఎన్ నుంచి సొంత నెట్‌వర్క్ నంబరూ అడ్రసులూ తెచ్చుకున్న రోజున, ఇతర నెట్‌వర్క్‌లతో రూట్లు పంచుకునే బీజీపీ కావాలి. అప్పుడూ మొత్తం పట్టిక దించుకోనవసరం లేదు, కొంత భాగం తీసుకుని మిగతాదానికి డిఫాల్ట్ పెట్టుకోవచ్చు. 2014 ఆగస్టు 12న ప్రపంచ రూట్ల పట్టిక 5,12,000 దాటితే, అంతకు మించి పట్టని పాత రూటర్లు చాలా దేశాల్లో తడబడ్డాయి. ఇప్పుడా పట్టిక పది లక్షల దరిదాపుల్లో ఉంది.

రూటర్‌కు తీగలు కలిపే పోర్టులు చూసేటప్పుడు లైను ఏ రూపంలో దిగుతుందో పై కంపెనీని రాతపూర్వకంగా అడగాలి: 1 గిగా మాడ్యూలా, 10 గిగానా, ఫైబర్ ఒకటా, జతా, వెలుగు 1310 నానోమీటర్లా, మరొకటా. లైను 1 గిగాబిట్ అయినా 10 గిగా పోర్టులున్న డబ్బానే తీసుకోండి. రెండో ఏడాది లైను పెంచితే రూటర్ మార్చే పని ఉండదు.

ఇక నౌపడ గాలి. ఉప్పు మడుల మీదుగా వచ్చే సముద్రపు తేమ ఇనుమునే తినేస్తుంది, సర్క్యూట్ బోర్డును వదులుతుందా? ఫ్యాన్ ఉన్న రూటర్ ఆ గాలిని రోజంతా లోపలికి పీల్చుకుంటుంది. ఫ్యాన్ లేనిది దొరికితే మంచిదే గాని, ఈ స్థాయి పని చేసే డబ్బాల్లో అది అరుదు. గదిని సీలు చేసి చిన్న ఏసీ పెట్టడం, తలుపున్న ర్యాక్ వాడటం, కిటికీ కింద ర్యాక్ పెట్టకపోవడం అంతకన్నా నమ్మకం. ఎర్తింగ్ మీద పైసా తగ్గించవద్దు, పిడుగుల కాలంలో పోయేది అక్కడే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో వేలాది కరెంటు స్తంభాలు నేలకూలాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ అనుభవం ఉన్న చోట రూటర్ ఎన్ని వాట్లు తింటుందన్నది ధరతో సమానమైన ప్రశ్న. రూటర్‌కు 40, ఇళ్లకు ఫైబర్ పంచే ఓఎల్‌టీకి 80, స్విచ్‌కు 20 వాట్లు అనుకుంటే మొత్తం 140. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ నష్టాలూ బ్యాటరీ ఆయుష్షూ చూసుకుంటే వాడుకోదగ్గది 60 శాతం. ఏడున్నర గంటలు. 300 వాట్ల పెద్ద రూటర్ పెడితే అదే బ్యాటరీ రెండున్నర గంటలకే చేతులెత్తేస్తుంది. రెండు పవర్ సప్లైలున్న మోడల్ తీసుకుని ఒకటి ఇన్వర్టర్‌కు, ఇంకొకటి నేరుగా మెయిన్స్‌కు కలిపితే ఇన్వర్టర్ చెడిపోయినా లైను నిలుస్తుంది.

నేను చెప్పదలచుకున్న కొనుగోలు ఇది: ఒక ఖరీదైన రూటర్‌కు బదులు అదే డబ్బుతో మధ్యస్థమైనవి రెండు, ఒకే మోడల్, ఒకే సాఫ్ట్‌వేర్. ఒకటి లీజ్డ్ లైన్ వైపు నిలబడి రూటింగు, అడ్రసుల సర్దుబాటు చూస్తుంది. రెండోది ఇళ్ల వైపు లాగిన్లు, వేగాల కట్టడి చూస్తుంది. పని పంచుకుంటాయి కాబట్టి మామూలు రోజుల్లో రెండూ తేలిగ్గా ఉంటాయి. ఒకటి పోయిన రాత్రి రెండు పనులూ మిగిలినదాని మీద వేయొచ్చు. కొంచెం నెమ్మదిస్తుంది గాని ఊరు చీకటి కాదు. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో కొత్త డబ్బా వచ్చేదాకా ఆగగలం. ఎంపిక చేసిన మోడల్ ఈ రెండు పనులూ ఒంటరిగా 800 మెగాబిట్ల దగ్గర మోయగలదా అన్నదే పట్టికలో వెతకాల్సిన అంకె.

రూటర్ సాఫ్ట్‌వేర్‌కు సవరణలు ఎంత క్రమంగా వస్తాయన్నదీ చూడండి. 2018 ఏప్రిల్‌లో మైక్రోటిక్ ఒక పెద్ద భద్రతా లోపానికి సవరణ విడుదల చేసింది. దాన్ని వేసుకోని లక్షలాది రూటర్లను ఆ ఏడాదే దుండగులు స్వాధీనం చేసుకుని, వాడకందార్ల కంప్యూటర్లతో క్రిప్టో కరెన్సీ తవ్వించుకున్నారు. కాబట్టి రూటర్‌ను నడిపించే పేజీ బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు. గడియారం, నెట్ నుంచి సరైన వేళ తెచ్చే ఎన్‌టీపీతో కలిసి ఉండాలి, లేకపోతే దాచిన రికార్డుల్లో వేళలు పనికిరావు. రెండు రూటర్ల కాన్ఫిగరేషన్ ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. రద్దీ లేని ఒక మధ్యాహ్నం ఇళ్లకు ముందే మెసేజ్ పెట్టి, ఒక రూటర్ ఆపేసి, రెండోదాని మీదికి పని మొత్తం మార్చి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ర్యాక్ తలుపు మీద రాసి అంటించండి.