పిల్లల వైద్యుని వద్దనుండి పెద్దల వైద్యుని వద్దకు

వైద్యుడు ప్రశ్నించునది కుమారుని. సమాధానము చెప్పునది తల్లి. ఎన్ని విరేచనములైనవి, రక్తము పడినదా, మాత్ర వేసికొనినాడా, సర్వమును ఆమెకు కంఠస్థము. కుమారుడు గోడమీది బొమ్మలు చూచుచుండును. ఎనిమిదేండ్ల బాలునకు ఇది సహజమే. పదునేడేండ్లవానికి ప్రమాదము.

1932లో న్యూయార్కు వైద్యుడు బరిల్ క్రోన్ ఇరువురు సహచరులతో కలిసి వర్ణించిన క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ అను పెద్దప్రేగు పూత, ఇవి బాల్యమున ప్రారంభమైనచో సాధారణముగా జీవితాంతము వెంట నుండును. కొంతకాలము అణగియుండును, మరల రేగును. అణగియున్నపుడు రోగము పోయినదని తలచి అజాథయోప్రిన్ వంటి మందును, దానితోబాటు చేయించవలసిన రక్తపరీక్షలను మానివేయు యువకులు కలరు. అంతవరకు జ్ఞాపకము చేసినది అమ్మ. పెద్దల వైద్యశాలలో ఆమె వెలుపల కూర్చుండవలసి రావచ్చును.

మన దేశమున మరియొక చిక్కు కలదు. ప్రేగులకు వచ్చు క్షయ, క్రోన్స్ వ్యాధి చూపునకు కవలల వంటివి. మొదట క్షయకు మందులు వాడి, గుణము కనబడక, పిమ్మట అసలు రోగము తేలినవారు అనేకులు. ఈ చరిత్ర కాగితముపై లేనిచో క్రొత్త వైద్యుడు నడచినదారినే మరల నడువవలసివచ్చును. అంతేకాదు, పెద్దప్రేగు పూత మొదలైన సుమారు 8 ఏండ్లకు, క్యాన్సరు పొడసూపినదేమో తెలిసికొనుటకై, గొట్టముతో ప్రేగు పరీక్షించుట ఆరంభింతురు. పదియవయేట రోగము వచ్చినవానికి ఆ గడువు సరిగా 18వ యేట, అనగా వైద్యుడు మారు సమయముననే వచ్చును!

ఇంగ్లండులో 2016లో వెలువడిన మార్గదర్శక సూత్రములు ఈ మార్పునకు 13, 14 ఏండ్లకే ఏర్పాట్లు మొదలిడవలెననినవి. ప్రతి బాలునకును బాధ్యుడైన ఒక వ్యక్తి నుండవలెననినవి. అట్టి వ్యక్తి లేనిచోట ఇల్లే ఆ పని చేయవలెను. మాత్రలు బాలుడే లెక్కించుకొనవలెను. తన రోగము పేరు, చేసిన శస్త్రచికిత్సలు, పడని మందులు ఒక నోటు పుస్తకమున తానే వ్రాసికొనవలెను. వైద్యునితో కొన్ని నిమిషములు ఒంటరిగా మాటలాడవలెను. తల్లులకు ఆ కాసేపు మౌనము ఎంత కష్టమో నేనెరుగుదును.

క్రొత్త వైద్యుని తొలిసారి దర్శించుట రోగము రేగినపుడు గాక, నెమ్మదిగా నున్నపుడు మేలు. ఆయన కాగితములన్నియు చూచి చికిత్స చేపట్టువరకు పాత వైద్యుని వద్ద సెలవు తీసికొనరాదు.